కాడిదింపు మజిలీలో ఆగిపోయిన మాట

గిరిగండ రాజ్యంలో ఉప్పు అయిపోయింది. నవ్వకండి పిల్లలూ, నెల్లాళ్ళు చప్పిడి పప్పు తింటే తెలుస్తుంది ఆ బాధ. కంచం ముందు కూర్చున్నప్పుడల్లా రాజుగారు మంత్రుల మీద విరుచుకుపడేవారు. సముద్రం నుంచి ఉప్పు తెచ్చే ఎడ్లబండ్లు అడవి నడుమ ఉన్న కాడిదింపు మజిలీ దాటి రావడం లేదు. బండ్లవాళ్ళు తాతల కాలం నుంచీ కాడి దించి, ఎడ్లకు నీళ్ళు పెట్టి, వండుకు తినే చోటది. వెతకబోయిన భటులు అక్కడ బండ్లూ మనుషులూ రాళ్ళయి ఉన్నారని చెప్పారు.

అందులో ఒక బండి సింహాద్రిది. ఆ కబురు విన్న అతని కూతురు పైడికి ఏడుపు కంటే కోపం ఎక్కువ వచ్చింది. వద్దని తల్లి ఎంత బతిమాలినా వినకుండా అడవిదారి పట్టింది.

మజిలీలో తండ్రి కనిపించాడు. ఎద్దు మెడ మీద చెయ్యి వేసి, నోరు సగం తెరిచి, నిలువునా రాయి. పైడి ఆ చేతిని తడుముతుండగా పక్కనున్న బావిలోంచి నీళ్ళు కారుతూ ఒక భూతం లేచింది.

ఎందుకిలా చేశావని అడిగింది పైడి. భూతం తన గోడు చెప్పుకుంది. తన నీళ్ళు తాగిన ప్రతివాడూ పోతూ పోతూ బావికి దండం పెట్టి, వెళ్ళొస్తామనేవాడు. ఏటి ఒడ్డున కొత్త బాట పడ్డాక ఒక్కడూ రాలేదు. బావి పక్క పొయ్యి చల్లారిపోయింది. ఈ ఏడు వరదకు ఆ బాట కొట్టుకుపోతే బండ్లవాళ్ళు మళ్ళీ వచ్చి, మళ్ళీ అదే మాట అనబోయారు. దానికి ఒళ్ళు మండి, ఆ మాట నోట్లో ఉండగానే రాళ్ళను చేసింది.

"పులిగుట్ట మీద నిప్పుపులి ఉంది. పొద్దు కుంకేలోగా దాని దగ్గర్నుంచి నిప్పు తెచ్చి నా పొయ్యి వెలిగించు. రాకపోయావో, వీళ్ళంతా పొడైపోతారు. ఇంక పో" అంది భూతం.

 పైడి బావికి దండం పెట్టి, "వెళ్ళొస్తాను" అంది. ఆ మాటకు ఆమె కాలివేళ్ళు రాయిలా బిగుసుకున్నాయి.

"పో అనకూడదు" అంది పైడి. "వెళ్ళి రా అనాలి. బండి కదిలేటప్పుడు మాయమ్మ అలాగే అంటాది. నీకెవరూ చెప్పలేదేటి?"

 భూతం "వెళ్ళి రా" అని గొణిగింది. పైడి కాళ్ళు వదులయ్యాయి.

దారిలో ముళ్ళతీగలు ఒంటికి చుట్టుకున్నాయి. చీర చిరిగినా ఆగకుండా ఈడ్చుకుంటూ గుట్ట ఎక్కింది. పైన నిప్పుపులి మీసాల్లోంచి నిప్పురవ్వలు రాలుతున్నాయి. ఇక్కడికి వచ్చినవాళ్ళు తిరిగి పోరని అది పంజా ఎత్తి గుర్రుమంది. నన్ను వెళ్ళి రా అని పంపినవాళ్ళున్నారంది పైడి. ఎవరని అడిగితే మజిలీ భూతమని చెప్పింది.

పులి పంజా దించేసింది. "అది ఎదురుచూస్తుంటే నిన్నెలా తింటాను?" అని ఒక నిప్పుకణిక కుండపెంకులో వేసి ఇచ్చింది.

దిగేటప్పుడు వాన పట్టుకుంది. పైడి పెంకు మీదికి వంగి, వీపు తడుస్తున్నా, అరచేతులు కాలుతున్నా పరుగెత్తింది. మజిలీ చేరేసరికి సూర్యుడు చెట్ల కిందికి జారాడు. తండ్రి వేలికొసలు పొడిపొడిగా రాలుతున్నాయి. పైడి పొయ్యి ముందు కూలబడి, ఎండుటాకులు పేర్చి ఊదింది. పొగ వచ్చింది, మంట రాలేదు. ఏడుస్తూనే మళ్ళీ ఊదింది. మంట లేచింది.

"వచ్చేశావా" అంది భూతం. దాని కళ్ళలోంచి కారిన నీళ్ళు రాళ్ళ మీదుగా పారాయి. రాలిన వేలికొసలు మళ్ళీ అతుక్కున్నాయి, ఎద్దు మెడ గంట కదిలింది. సగం తెరుచుకున్న సింహాద్రి నోరు తన మాట పూర్తి చేసింది.

"...స్తాం తల్లీ!"

గిరిగండకు ఉప్పు చేరింది. రాజుగారు పప్పన్నం తృప్తిగా తిని, ఏం కావాలో కోరుకోమన్నారు. పైడి ఆ మజిలీని కోరుకుంది. దానికి ఆమెనే ఏలికను చేశారు. ఏటి బాట మళ్ళీ వేసినా బండ్లన్నీ మజిలీ మీదుగానే వెళ్ళాయి. బండ్లవాళ్ళు కాడి కట్టి వెళ్ళొస్తామన్నప్పుడల్లా బావిలోంచి ఒక గొంతు పలికేది:

"వెళ్ళి రండి."