దిలావర్ గోడ గడియారం

దిలావర్‌ని చంపినవాడు ఆదివారం పొద్దున అతని సామాను వేలంపాటకు వస్తాడు. వాడి పేరు తెలీదు, ముఖం తెలీదు. ఇంటెలిజెన్స్ చీఫ్ రఘురామ్ బేగంపేట ఆఫీసులో ఫైలు మూసేశాడు.

"మన పదకొండు మంది ఏజెంట్ల పేర్లు దిలావర్ తన కొట్లో ఎక్కడో దాచాడు. ఎక్కడో మనకు చెప్పేలోపే లారీతో గుద్దించాడు వాడు. ఆ లిస్టు కోసమే వేలానికి వస్తాడు."

"ముందే సామాను సోదా చేస్తే?" అడిగాడు భార్గవ్.

"వాడు జారిపోతాడు. నాకు లిస్టూ కావాలి, వాడూ కావాలి. ఆ పేర్లు బయటికెళ్తే పదకొండు ఇళ్లలో ఏడుపేనయ్యా."

అది 2001. అమీర్‌పేటలో జావా నేర్పని గది దిలావర్ గడియారాల కొట్టు ఒక్కటే. అతను పోయిన పదో రోజుకే ఓనరు దాన్ని ఓ ఇన్‌స్టిట్యూట్‌కిచ్చి, అద్దె బాకీ కింద సామానంతా పంజాగుట్ట వేలం హాలుకు తోలేశాడు. ఆరేళ్లు ఆ కొట్లో చాయ్ తాగిన భార్గవ్ ఆదివారం ఆ హాల్లో తెల్ల గడ్డం అంటించుకుని, పాత పుస్తకాల వ్యాపారిలా మూడో వరసలో కూర్చున్నాడు. జేబులో పెన్ కెమెరా ఉంది. గుండెల్లో మాత్రం ఏడుపే ఉంది.

రోజ్‌వుడ్ బీరువా పోయింది. ఎన్‌సైక్లోపీడియాల సెట్టు పోయింది. దేనికీ పెద్ద పోటీ లేదు. వేలం నడిపే ఐలయ్య గోడ గడియారం ఎత్తి చూపగానే అయిదారు చేతులు లేచాయి.

"ఐలన్నా, గా గడియారం నాకు కావాలె. మా ఆయన చేతిది." వెనక నుంచి ఇమామ్ బీ, దిలావర్ భార్య.

పోయినవాళ్ల సామాను ఇంటివాళ్లు అడిగితే ఆ హాల్లో ఎవరూ పోటీ పాడరు. ఎక్కడా రాసి పెట్టలేదు గానీ పాత గిరాకీలందరికీ తెలుసు. చేతులన్నీ దిగిపోయాయి, ముందు వరసలో బూడిదరంగు సూటు చెయ్యి తప్ప.

"ఫిఫ్టీ థౌజండ్!"

హాలంతా అతనివైపు అసహ్యంగా చూసింది. అతనికి తప్పు అర్థమైంది. ఒక్క ఉరుకున గడియారం తలుపు తెరిచి బుల్లి కెమెరా తీశాడు. షటర్ మీద వేలు పడేలోపు భార్గవ్ అతని మణికట్టు విరిచి పట్టుకున్నాడు.

తలుపు వెనక పెన్సిల్‌తో ఉర్దూ రాత. రిపేరు చేసినప్పుడల్లా తేదీ, గిరాకీ పేరు అక్కడ రాయడం గడియారాలవాళ్ల అలవాటు. చివరి పదకొండు పేర్లు మాత్రం గిరాకీలవి కావు.

"కాపీ తీసుకుని రాతంతా గీకెయ్," అన్నాడు చీఫ్ ఫోన్‌లో. భార్గవ్ గరుకు కాగితంతో గీకేశాడు.

సాయంత్రం బల్కంపేటలో ఇమామ్ బీ ఇంట్లో గడియారం దించాడు. ఆమె కీ తిప్పలేదు, గంట వినలేదు. నేరుగా తలుపు తెరిచింది.

"బేటా, గీడ ఆయన రాత ఉండె. ఏమాయె?"

భార్గవ్ గోడకు మేకు కోసం వెతికాడు.

"నాకు సదువు రాదు. ఊకె సూసుకుంటుంటి. గందుకే అడిగిన." తెల్లబడిన చెక్క మీద వేళ్లతో తడిమింది. "ఆయన ఫోటో సుత లేదు బేటా."

తన ఉద్యోగం మీద భార్గవ్‌కి అంత రోత ఎప్పుడూ పుట్టలేదు. మర్నాడు రిపోర్టులో 'మనవైపు నష్టం' అన్న గడిలో చీఫ్ చక్కటి దస్తూరీతో 'నిల్' అని రాశాడు.