పదిహేడో నంబరు ఆఫీసు

సింగపూర్ జురాంగ్ వెస్ట్‌లో మా ఆఫీసున్న బిల్డింగ్‌లో, మూడో అంతస్తు పదిహేడో నంబరు గదికి మంచి పేరు లేదు.

పగలు చూస్తే అక్కడేమీ ఉండదు. ఓ గాజు తలుపు, లోపలినుంచి దానికి అంటించిన పాత న్యూస్‌పేపర్లు, పైన సగం ఊడిపోయిన డాట్‌కామ్ బోర్డు. రెండు వేల సంవత్సరం ఆగస్టు అది. ఊరంతా సాఫ్ట్‌వేర్ పిచ్చి పట్టి ఊగుతోంది. కంపెనీ పెట్టిన మూడో నెలలో పేపర్లో ఫొటో వేయించుకుని ఐదో నెలలో మాయమైన ఓనర్లలో ఆ గది ఓనరొకడు. ఇంటర్నెట్‌లో చేపలమ్ముతానన్నాడు. చేపలూ లేవు, ఆయనా లేడు. లీజు మటుకు ఇంకా ఉంది గనక కరెంటూ, ఫోనూ ఎవరూ తీయలేదు.

పనిచేస్తూ చేస్తూ ఓ ప్రోగ్రామర్ అక్కడే కుర్చీలో పోయాడని చెప్పుకునేవారు. ఎవరా ప్రోగ్రామర్ అంటే చైనావాళ్ళు మలయాళీ అంటారు, మలయాళీలు తెలుగువాడంటారు, మనవాళ్ళు చైనావాడంటారు. చచ్చినవాణ్ణి మావాడని ఒప్పుకోవడానికి ఒక్కడు ముందుకు రాలేదు.

రాత్రి తొమ్మిది దాటాక... లోపల ఫోన్ మోగుతుంది. రెండుసార్లే. తర్వాత గరగరమని చప్పుడు. తలుపు కింద సందులోంచి పచ్చటి వెలుతురు. ఆ తర్వాత ఎవరో ఆడమనిషి తగ్గు గొంతుతో మాట్లాడుతుంది — ఇంగ్లీషులో! మధ్యమధ్య ‘ప్లీజ్’ అంటుంది, ‘థాంక్యూ మేడమ్’ అంటుంది. ఇంత మర్యాద తెలిసిన దెయ్యం గురించి నేనింకెక్కడా వినలేదు.

సెక్యూరిటీ మారయ్య తాతల కాలంలో ఇక్కడికొచ్చిన తెలుగువాడు. తెలుగులో సగం తమిళం, మిగతా సగంలో సగం మలయ్ కలిపి మాట్లాడతాడు. చైనావాళ్ళు దెయ్యాలకి కాగితాలు తగలబెట్టే, వాళ్ళ పంచాంగం ప్రకారం ఏడో నెల కదా, అతను రోజూ ఆ తలుపు ముందు ఓ నారింజపండూ, రెండు అగరొత్తులూ పెట్టేవాడు.

"అది హంటూ సార్. ఆడ దెయ్యం. చుమ్మా, ఊరికే చెప్పడంలేదు, నా చెవులతో విన్నాను," అనేవాడు.

మాది పద్నాలుగో నంబరు. బాత్‌రూమ్ పదిహేడు దాటాక ఉంది. మా కష్టం ఇప్పుడు అర్థమయ్యే ఉంటుంది.

నాకు దెయ్యాల మీద నమ్మకం లేదు. నైట్ షిఫ్ట్ వేస్తే మటుకు జ్వరం వచ్చేది. అందుకని ఆ షిఫ్ట్ ఎప్పుడూ సాంబశివరావు గారి మీద పడేది. తెనాలి మనిషి, యాభై మూడేళ్ళవాడు. అమెరికా బ్యాంకొకదాని ప్రోగ్రాములు చూసేవారు. వాళ్ళ పగలు మన రాత్రి గనక ఆయనకి రాత్రి తప్పదు. సాయంత్రం ఆరు తర్వాత నీళ్ళు తాగడం మానేశారాయన.

ఓ గురువారం రాత్రి జరిగింది నేను చూళ్ళేదు. ఊరికి అవతలి కొసన పాసిర్ రిస్‌లో ఎవరిదో పుట్టినరోజైతే బిర్యానీ తింటున్నాను. తర్వాత ఆయన కొంతా, వాళ్ళమ్మాయి స్పందన కొంతా చెప్తే అతికించుకున్నాను.

ముందు పెళ్ళి సంగతి చెప్పాలి. స్పందనకి ఇరవై నాలుగు. ఐదేళ్ళప్పట్నించీ ఇక్కడే పెరిగింది. కృష్ణప్రసాద్ అని సాంబశివరావు గారితో తెనాల్లో ఒకే బెంచీ మీద చదువుకున్నాయన అమెరికా సంబంధం తెచ్చాడు. కుర్రాడి పేరు పోలిశెట్టి కౌశల్. సాఫ్ట్‌వేరు, మంచి ఎత్తు, అక్టోబరులో ముహూర్తం, కార్డులు కూడా పంచేశారు. ఇంతలో అమెరికాలో ఉన్న స్పందన స్నేహితురాలు భువన ఈమెయిల్ కొట్టింది — ‘వీడికి పెళ్ళయిందే! ఆ పెళ్ళిలో నేను గోంగూర పచ్చడి రెండుసార్లు వేయించుకున్నాను.’

కృష్ణప్రసాద్‌ని అడిగితే అది కుర్రాడి అన్నయ్య పెళ్ళి అన్నాడు. సాంబశివరావు గారికి స్నేహితుడి మాట వేదం. కూతురు ఏడ్చింది, అన్నం మానేసింది. ఆయన కోపంతో ఊగిపోయి, "గోంగూర సాక్ష్యాలు నాకొద్దు. పెళ్ళయిందని కోర్టు కాగితం తెచ్చి చూపించు, అప్పుడు మాట్లాడు!" అన్నారు. అమెరికా కోర్టు కాగితం సింగపూర్‌లో యూ టీలోని తమ ఫ్లాట్‌కి ఎలాగూ రాదని ఆయన ధీమా.

ఇక ఆ గురువారం. సాయంత్రం ఎవరో బలవంతపెడితే ఆయన రెండు గ్లాసుల కాఫీ తాగారు. తొమ్మిదింటిదాకా ఓర్చుకున్నారు. ఇంక ఓర్చుకోలేక లేచారు.

కారిడార్‌లో ఒక్క ట్యూబ్‌లైటు వెలుగుతోంది. పదిహేను దాటారు... పదహారు... ఆంజనేయస్వామిని తలుచుకుంటూ, గోడకి ఆనుకుని, పక్కకి పక్కకి జరుగుతున్నారు.

లోపల ఫోన్ మోగింది.

ఒకసారి... రెండుసార్లు... ఆగింది.

పరిగెత్తాలనుకున్నారు. గోడకి ఇంకా గట్టిగా అతుక్కున్నారు. తలుపు కింద పచ్చటి వెలుతురు. గరగర... గరగర... ఆ తర్వాత ఆ గొంతు. తగ్గుస్థాయిలో, ఒక్కో అక్షరం విడివిడిగా పలుకుతోంది.

పి... ఓ... ఎల్... ఐ...

"పోలిశెట్టి," అంది దెయ్యం. "పోలిశెట్టి కౌశల్."

సాంబశివరావు గారికి చెమటలు పట్టాయి. దెయ్యం తన కాబోయే అల్లుడి పేరు పిలుస్తోంది! ఇంటిపేరుతో సహా! ఇప్పటిదాకా తన ప్రాణం గురించే భయపడ్డ మనిషికి ఇప్పుడు అల్లుడి ప్రాణం గురించి కూడా బెంగ పట్టుకుంది.

లోపల ఎవరో ముక్కు చీదారు. అడుగుల చప్పుడు... దగ్గరికొస్తోంది... గొళ్ళెం కదిలింది...

తలుపు తెరుచుకుంది. కిందనించి పచ్చటి కాంతి పడుతున్న మొహం. విరబోసుకున్న జుట్టు. చేతిలో తెల్లగా ఏదో వేలాడుతోంది.

"ప్రభావతీ!" అని కేకేశారాయన. ఆపదలో ఆంజనేయస్వామిని వదిలేసి పెళ్ళాన్ని పిలిచానని తర్వాత చాలా సిగ్గుపడ్డారు.

దెయ్యం అంతకంటే గట్టిగా అరిచింది. అరిచి, గుండె మీద చెయ్యి వేసుకుని, "నాన్నా! అయ్యో, యూ నెవర్ కమ్ దిస్ సైడ్!" అంది.

స్పందన!

ఆయన అక్కడే నేల మీద కూలబడ్డారు. ఇక్కడో సంగతి మీకు చెప్పాలి — ఆ చేపల కంపెనీలో స్పందన నాలుగు నెలలు పనిచేసింది. కంపెనీ పోయింది, తాళంచెవి ఆ పిల్ల దగ్గరే ఉండిపోయింది. తిరిగిద్దామంటే తీసుకునేవాడు లేడు.

"బ్యాడ్మింటన్‌కి వెళ్తున్నానని మీ అమ్మకి చెప్పింది ఇందుకా? దొంగతనంగా దూరతావుటే?" అన్నారు, ఊపిరి అందాక.

"దొంగతనం కాదు లా!" అంది ఇక్కడివాళ్ళ యాసలో. "ఇంట్లో ఫ్యాక్స్ లేదు కదా. కోర్టు కాగితం తెమ్మన్నది నువ్వే కదా నాన్నా?"

అమెరికాలో జిల్లాలాంటిదాన్ని కౌంటీ అంటారట. పెళ్ళిళ్ళూ, విడాకుల కేసులూ ఆ కౌంటీ కోర్టులో నమోదవుతాయట. అవి రహస్యం కాదు, ముక్కూమొహం తెలియనివాళ్ళు అడిగినా ఇస్తారు. మనిషి ఏ కౌంటీలో ఉన్నాడో తెలియాలి, ఇంటిపేరు చెప్పాలి, కాగితం మీద రాసి పంపాలి. ఇక్కడ రాత్రి తొమ్మిదైతే అక్కడ పొద్దున తొమ్మిది, ఆఫీసు తెరిచే వేళ. అందుకని మూడు వారాలుగా ఈ పిల్ల చీకట్లో కూర్చుని, లైటు వేస్తే మారయ్య వస్తాడని ఫ్యాక్స్ మెషీను పచ్చదీపం వెలుతురులోనే, డోరిస్ అనే గుమస్తా ఆవిడతో మాట్లాడుతోంది. బయట పెట్టిన నారింజపండ్లు కూడా తనే తినేసింది. ఎవరో ఆఫీసుకి వదిలేశారనుకుందట.

"మరి ఏమొచ్చింది?" అన్నారాయన.

స్పందన చేతిలో కాగితం చూపించింది. పోలిశెట్టి అన్న ఇంటిపేరు మీద రికార్డేదీ లేదు. పోయినవారమూ అదే, ఇవాళా అదే.

సాంబశివరావు గారి మొహం వెలిగిపోయింది. "చూశావా! నా స్నేహితుడు అబద్ధమాడతాడుటే?"

ఆ పిల్ల గోడవైపు తిరిగి ఏడ్చింది. చప్పుడు లేకుండా, భుజాలు కదిలేలా ఏడ్చింది. ఇంక రెండు నెలల్లో ఆ మనిషి ఇంటికి కాపురానికి వెళ్ళాలి. మనసు వద్దంటోంది, చేతిలో సాక్ష్యం లేదు.

ఆయనకి జాలేసింది. ఈ అనుమానం ఇవాళతో తీరిపోవాలనిపించింది. తీర్చే ఉపాయం కూడా ఆయనకే తోచింది.

"ఇటు చూడు. మన పాస్‌పోర్టుల్లో ఇంటిపేరు ముందు రాసి, పేరు తర్వాత రాసి, అంతా ఒకే గడిలో కుక్కేస్తారు. బయటవాళ్ళు చివరున్నదే ఇంటిపేరనుకుంటారు. నన్నిక్కడ పంతొమ్మిదేళ్ళుగా బ్యాంకు వాళ్ళు సాంబశివరావు వంశంవాణ్ణి చేశారు. ఆవిణ్ణి కౌశల్ అన్నది ఇంటిపేరుగా పెట్టి వెతకమను. అప్పుడూ లేదంటే, నోరుమూసుకుని పీటల మీద కూర్చుంటావా?"

స్పందన చేతిలో కాగితాన్ని నాలుగు మడతలు పెట్టింది. "ఓకే," అంది చివరికి. "కూర్చుంటాను."

డోరిస్‌కి ఫోన్ చేసింది. ఆవిడ పదిహేను నిమిషాలాగమంది. తండ్రీ కూతుళ్ళు ఆ చీకట్లో, చేపల బొమ్మలున్న అట్టపెట్టెల మీద, ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా కూర్చున్నారు.

ఫోన్ రెండుసార్లు మోగింది. గరగర... గరగర...

రెండు పేజీలు.

మొదటి పేజీ విడాకుల అర్జీ. అర్జీ పెట్టినవాడు కౌశల్. లాయరు లేకుండా తనే వేసుకున్నాడు గనక పైన అతని ఇంటి అడ్రసూ, ఫోన్ నంబరూ ఉన్నాయి. కింద భార్య పేరు — కావ్యశ్రీ.

సాంబశివరావు గారు రెండో పేజీ లాక్కుని పచ్చదీపం దగ్గర పెట్టి చదివారు. ఒక్కసారి ఎగిరి గంతేశారు.

"కొట్టేశారు! కేసు కొట్టేశారే! కుర్రాడి తప్పేమీ లేదు!"

మన ఊళ్ళో కేసు కొట్టేస్తే మనిషి కడిగిన ముత్యం. దండలేసి ఇంటికి తీసుకొస్తారు. ఆయన బుర్రలో బ్యాండుమేళం కూడా మొదలైపోయి ఉంటుంది.

"నాన్నా," అంది స్పందన నెమ్మదిగా. "ఏ కేసు కొట్టేశారు?"

"విడాకుల కేసు."

"అది కొట్టేస్తే?"

ఆయన కాగితాన్ని మళ్ళీ దీపం దగ్గర పెట్టారు.

"విడాకులు రాలేదు నాన్నా. హీ ఈజ్ స్టిల్ మ్యారీడ్. ఎందుకు కొట్టేశారో చూడు... భార్యకి నోటీసు అందించలేదట. అర్జీ పెట్టాడు, ఆవిడకి చెప్పలేదు, అలాగే వదిలేశాడు."

ఆయనకింకా ఆశ చావలేదు. ఆ అమ్మాయి వేరే వెళ్ళిపోయిందేమో, ఇంకోచోట కేసు వేశాడేమో, కృష్ణప్రసాద్‌కి పాపం తెలియదేమో. కుర్రాడినే అడిగి తేల్చుకుందామన్నారు. ఇన్నాళ్ళూ సెల్‌ఫోన్‌కే చేసేవారు. ఇప్పుడు కాగితం మీదున్న ఇంటి నంబరు నొక్కారు. స్పందన స్పీకర్ వేసింది.

అవతల మోగుతోంది... మోగుతోంది...

"హలో?"

ఆడగొంతు.

సాంబశివరావు గారికి అలవాటుగా తెలుగే వచ్చింది. "కౌశల్ ఉన్నాడామ్మా?"

"స్నానం చేస్తున్నారండీ." తెలుగు వినపడగానే ఆ గొంతుకి ఎంత సంతోషమో! వెనక షవర్ చప్పుడు వినిపిస్తోంది. "ఇండియా నుంచా బాబాయిగారూ? నేను కావ్యశ్రీనండీ, వాళ్ళావిణ్ణి. ఎవరని చెప్పమంటారు?"

ఆయన కూతురి వంక చూశారు. స్పందన రెండు చేతులతో నోరు మూసుకుని నిలబడింది. తెనాలి తిట్లు మొత్తం ఆయన నాలుక చివర ఉన్నాయి. కానీ ఆ పిల్ల ఎవరని చెప్పమంటారని ఎంత గౌరవంగా అడిగిందో! ఆ ఇంట్లో, ఆ మనిషి పక్కన, ఆమెకి ఏమీ తెలియదు. తన కూతురు బయటపడింది, ఈ కూతురు లోపలే ఉంది.

"నా పేరెందుకులేమ్మా," అన్నారు. "మీ కౌంటీ కోర్టు ఆఫీసుకి ఓసారి వెళ్ళు. కౌశల్ అన్నది ఇంటిపేరుగా చెప్పి, కేసు ఫైలు చూపించమను. ఎవరడిగినా ఇస్తారు."

ఆయన ఫోన్ దగ్గరికి వంగారు.

"అమ్మా... విన్నావా?"

షవర్ చప్పుడు ఆగిపోయింది.

తలుపేదో తెరుచుకున్న శబ్దం. కౌశల్ గొంతు, దూరంగా — ఎవరు ఫోన్‌లో?

"రాంగ్ నంబరండీ!" అని ఆమె గట్టిగా అటువైపు కేకేసింది. తర్వాత రిసీవర్ నోటికి మరీ దగ్గరగా పెట్టుకున్నట్టుంది, ఊపిరి కూడా వినబడుతోంది.

"కేసు నంబరు చెప్పండి బాబాయిగారూ," అంది గుసగుసగా. "త్వరగా."