తాళం తీసినా ఆరని చుక్క

రెండువేల పంతొమ్మిది నవంబరు ఇరవై ఒకటి, గురువారం. పొద్దున్నుంచీ పట్టిన ముసురు దీపాలు పెట్టే వేళకి ఆగింది గానీ మబ్బు విడవలేదు. గాలి లేదు. తడిసిన రేకుల మీదనుంచి చుక్క... చుక్క... జారుతున్న చప్పుడు తప్ప ఆ వీధి చివర ఇంకే అలికిడీ లేదు.

ఆ వీధి చివరే మాస్టారి షెడ్డు. చీకటి పడ్డాక అటు పోవద్దనేవారు.

ఎందుకయ్యా అంటే— పోయిన మాస్టారు రాత్రిళ్ళు వచ్చి కారులో కూర్చుంటారట. పక్క సీట్లో. ఎవరైనా దగ్గరికెళ్తే బ్రేకు తొక్కుతారట. వెనకదీపాలు ఎర్రగా వెలిగి ఆరిపోతాయట... అసలు 'అట' లేని దెయ్యం ఎక్కడైనా ఉందా? చూసినవాడు ఎప్పుడూ మన బావమరిదికి తెలిసినవాడికి తెలిసినవాడే.

మాస్టారంటే బడిపంతులు కాదు. కారు నడపడం నేర్పేవారు. ఆయన కూర్చునే పక్క సీటు కింద కూడా ఒక బ్రేకు ఉండేది. అయినా దాని జోలికి ఎప్పుడోగాని పోయేవారు కాదు. వేలి ఉంగరంతో ఎదురుగా డ్యాష్‌బోర్డు మీద కొట్టేవారు. ఒక దెబ్బ అంటే నెమ్మది. రెండు దెబ్బలు— టక్... టక్— అంటే ఆపు. ఊళ్ళో సగంమంది ఆ చప్పుడు మీదే నేర్చుకున్నారు. పెళ్ళాం పక్కన కూర్చుని డబ్బా మూత రెండుసార్లు తట్టిందని నడిరోడ్డు మీద బ్రేకు తొక్కిన మహానుభావుడు కూడా ఉన్నాడు. సరే, ఆ గొడవ ఇప్పుడెందుకు.

ఇంతకీ ఆ దెయ్యాన్ని పుట్టించిందెవరు? మాస్టారి పెద్దల్లుడే.

ఆ మనిషికి అత్తవారింట్లో ఎదురుగా ఉంటే 'బావగారు', వెనక్కి తిరిగితే 'తెలుసుగారు'. ఏం చెప్పబోయినా నోటిమాట నోట్లో ఉండగానే "తెలుసు, తెలుసు" అంటాడు. డాక్టరు జబ్బు పేరు చెప్పబోతే తెలుసు. వంటవాడు ఉప్పు ఎక్కువైందని ఒప్పుకోబోతే అదీ తెలుసు. తెలియనిది ఒక్కటే— తనకి తెలియదన్న సంగతి.

మాస్టారికి ఇద్దరు కూతుళ్ళు. పెద్దమ్మాయిని ఈ తెలుసుగారికి ఇచ్చారు. చిన్నమ్మాయి పెళ్ళి మాట దాటేస్తూ తండ్రి దగ్గరే కారు నేర్పడం నేర్చుకుంది. ఆయన మంచాన పడ్డాక ఆ పక్క సీట్లో తనే కూర్చుంది. ఆమెకి అన్నం పెట్టేది ఆ కారూ ఆ షెడ్డూనే. మాస్టారు ఏ ఏర్పాటూ చెయ్యకుండా పోయారు గనక ఇల్లూ షెడ్డూ ఇద్దరికీ చెరిసగం.

తెలుసుగారికి చెరిసగం అన్నమాట పడదు. షెడ్డు స్థలం మీద ఓ గోదాముల వ్యాపారి కన్నేశాడు. మరదలి వాటా చవగ్గా భార్య పేరున రాయించుకుని, మొత్తం కలిపి ఆ వ్యాపారికి మంచి ధరకి అమ్మాలి— అదీ ఎత్తు. మరదలు ససేమిరా అంది.

"అమ్మాయ్, ఆడపిల్లవి, ఒంటరిగా ఆ షెడ్డుని ఎన్నాళ్ళు చూసుకుంటావ్?"

"ఇన్నాళ్ళూ చూసుకున్నట్టే, బావగారూ."

అందుకని దెయ్యం అవసరం పడింది. మంగలి షాపులో ఓ మాట, పెట్రోలు బంకు దగ్గర ఓ మాట వదిలాడు. రెక్కలు లేని పక్షి అది, అదే ఎగిరింది. నేర్చుకునేవాళ్ళు ఒక్కొక్కరే మానేశారు. కారు కదలడం మానేసింది. చివరికి చిన్నమ్మాయి చేతులెత్తేసి సంతకం పెడతానంది. శుక్రవారం పొద్దున్నే రిజిస్ట్రారు ఆఫీసులో పని. షెడ్డూ, అందులో కారూ, అన్నీ కలిపి.

నమ్మినవాళ్ళని చూసి తెలుసుగారు ఎంత నవ్వుకున్నాడో!

మరి అంత నవ్వినవాడు, ఆ గురువారం రాత్రి ఒంటరిగా షెడ్డుకి ఎందుకు పోయాడంటే— కెమెరా కోసం.

అదో కథ. మాస్టారు బతికుండగా, ఆస్తి ఎవరికి రాస్తారో, కారులో ఎవరితో ఏం మాట్లాడుతారో వినాలని ఇతనికి దురద పుట్టింది. అగ్గిపెట్టెంత కెమెరా ఒకటి కొన్నాడు. బొమ్మతోపాటు మాటా పడుతుంది. మామగారు వైద్య పరీక్షల కోసం ఊరెళ్ళినప్పుడు షెడ్డులో దూరి, కారులో వెనకబళ్ళు చూసే అద్దం వెనక అంటించాడు. పని మాత్రం, చెప్పుకోవాలి, ముచ్చటగా చేశాడు. వైరుని కారు లోపలి కప్పుగుడ్డ అంచులోకి దోపి, తలుపు పక్క ప్లాస్టిక్ పట్టీ వెనకనుంచి దించి, రబ్బరు కిందనుంచి తీసుకెళ్ళి ఫ్యూజుల పెట్టెలో కలిపాడు. వెంట్రుకంత తీగ బయటికి కనిపించదు. రోజూ ఆ కారులో కూర్చునే చిన్నమ్మాయికే తెలియలేదంటే చూసుకోండి. దొంగబుద్ధికి చేతివాటం తోడైతే పని ఎప్పుడూ శుభ్రంగానే ఉంటుంది.

డబ్బాలో వచ్చిన కాగితాన్ని మాత్రం విప్పను కూడా విప్పలేదు. "తెలుసు" గదా! తాళం తిప్పితే మేలుకుని, తాళం తీస్తే నిద్రపోయేలా కలిపానని అతని లెక్క. కలిపినంతసేపూ స్నేహితుడొకడికి ఫోన్లో గొప్పలు—

"వైరు కలపడానికి కూడా మనిషిని పిలుస్తారా ఎవరైనా? చేతకానివాళ్ళ పని అది..."

తీరా ఒకరోజు అందులోని మెమరీ కార్డు తీసి రికార్డింగు విన్నాడు. "క్లచ్చు వదలకు... వదలకన్నానా... అద్దం చూడు..." ఇదే సంత. ఆవలిస్తూ కార్డు మళ్ళీ అందులోనే పెట్టి ఊరుకున్నాడు.

ఇప్పుడు కారు పరాయివాడి పాలవుతుంటే, తన డబ్బుతో కొన్న కెమెరా వదలడానికి ప్రాణం ఒప్పలేదు. పగలు తీస్తే, మామగారి మీద నిఘా పెట్టిన సంగతి బయటపడుతుంది. అందుకని రాత్రి.

అమ్మకం పేరుతో ముందే పుచ్చుకున్న తాళాల జతతో షెడ్డు పక్క తలుపు తీసి లోపలికి అడుగు పెట్టాడు.

నూనె వాసన. తడి గోనె వాసన. చేతిలో టార్చి ఉంది గానీ వీధిలోకి వెలుగు పడుతుందని వెలిగించలేదు. కారు ముక్కు ఇటువైపే ఉంది. గోడ పట్టుకుని రెండడుగులు వేశాడు...

ఆగిపోయాడు.

అద్దం వెనక— ఒక ఎర్రచుక్క. చిన్నది. కదలకుండా తననే చూస్తోంది.

గబుక్కున జేబు తడుముకున్నాడు. కారు తాళం జేబులోనే ఉంది. చల్లగా.

తాళం తన జేబులో ఉంటే కెమెరాకి ప్రాణం ఎక్కడిది?

ఆ క్షణంలో అతని బుర్రలో ఓ మూల సరైన ఆలోచనే మెరిసింది: కలపడంలో పొరపాటు చేశానేమో. మెరిసింది... అంతే. నేనా? పొరపాటా? దాన్ని మెడబట్టి బయటికి గెంటేశాడు. గెంటేశాక ఆ చీకట్లో మిగిలింది ఇక ఒక్కటే. తను తప్పు చేశాడని నమ్మడం కన్నా మామగారు లేచి వచ్చారని నమ్మడమే ఆ పెద్దమనిషికి తేలికైంది.

చుక్క ఆరిపోయింది.

చీకటి. రేకుల మీదనుంచి ఓ బొట్టు జారింది...

అప్పుడు— కారులోనుంచి— ఆడగొంతు. మెత్తగా, మర్యాదగా, ఏదో అర్థంకాని భాషలో, ఎవరినో రమ్మని పిలుస్తున్నట్టు.

చుక్క మళ్ళీ వెలిగింది.

"ఎ... ఎవరూ?"

చుక్క ఆరింది. మళ్ళీ అదే గొంతు, అవే మాటలు. మళ్ళీ చుక్క.

వెనక్కి ఒక అడుగు వేశాడు. సరిగ్గా అప్పుడే—

టక్... టక్.

కారు లోపల. పక్క సీటు ముందు.

టార్చి చేతిలోంచి జారి, కిందపడి, తనకు తానే వెలిగి, గోడమీద అతని నీడనే తాటిచెట్టంత చేసి చూపించింది.

"మామగారూ..." గుసగుసలాడాడు. "మామగారూ, తప్పయిపోయింది... మీరు తిరుగుతున్నారని చెప్పింది నేనే. అంతా నేనే పుట్టించాను. మరదలి వాటా కొట్టేద్దామని... మీ పెద్దమ్మాయికి ఏమీ తెలియదు... గోదాములవాడి దగ్గర ధర కూడా మాట్లాడేశాను... వదిలెయ్యండి, మీ కాళ్ళు పట్టుకుంటాను..."

పట్టుకోవడానికి కాళ్ళు కనిపించలేదు గనక తనకున్న కాళ్ళకి పని చెప్పాడు. ఒక చెప్పు షెడ్డులోనే ఉండిపోయింది.

తెల్లవారింది. సంతకానికి పోయేముందు షెడ్డుని కడసారి చూసుకుందామని చిన్నమ్మాయి వచ్చింది. తలుపు బార్లా తీసి ఉంది. కింద కొడిగట్టిన టార్చి. పక్కన ఓ మగచెప్పు. లోపలినుంచి ఎవరో ఆడమనిషి ఏదో అంటోంది.

ఆ పిల్ల అరవలేదు. కారు తలుపు తీసి, గొంతు ఎక్కడిదో చెవితో వెతికి, అద్దం వెనక వేలు పెట్టింది. తీగ వెంట వేళ్ళు పోనిచ్చి, కప్పుగుడ్డ, పట్టీ, రబ్బరు దాటి ఫ్యూజుల పెట్టె దాకా వెళ్ళింది. తర్వాత కార్డూ, ఆ చెప్పూ తీసుకుని తిన్నగా అక్క ఇంటికి పోయింది.

అక్కాచెల్లెళ్ళు వంటింట్లో కూర్చుని విన్నారు. తెలుసుగారు ఇస్త్రీ చొక్కా వేసుకుని, కుంటుకుంటూ గుమ్మంలోకి వచ్చేసరికి అతని గొంతే అతనికి ఎదురొచ్చింది: "...మరదలి వాటా కొట్టేద్దామని..."

"ఏమండీ," అంది పెద్దమ్మాయి, ఎన్నడూ లేనంత నెమ్మదిగా. "ఆ గొంతు ఎవరిది?"

"దెయ్యాలు మనుషుల గొంతులు పట్టేస్తాయే. నీకు తెలియదు."

"ఆ చెప్పు కూడా దెయ్యందేనా? ఎడమకాలి మడమ దగ్గర మీ చెప్పుల్లాగే అరిగింది."

చిన్నమ్మాయి అంది:

"బావగారూ, దెయ్యమూ లేదు, దాని తాతా లేడు. తాళంతో బతికే ఫ్యూజుకి కాకుండా, లోపలి దీపం ఫ్యూజుకి కలిపారు. అది తాళం ఉన్నా లేకపోయినా వెలిగేదే. మీ పుకారు పుణ్యమా అని నేర్చుకునేవాళ్ళు రాలేదు, కారు కదల్లేదు, బ్యాటరీ నీరసించింది. కెమెరా సొమ్మసిల్లడం, లేవడం. లేచినప్పుడల్లా ఆ ఆడగొంతు నమస్కారం పెడుతోంది, తయారైన దేశం భాషలో. కలిపిన రోజు కూడా పెట్టే ఉంటుంది. మీరు వినలేదా?"

వినలేదు. ఫోన్లో గొప్పలు చెప్పుకుంటున్నాడు గదా. మనుషుల మాటే వినని చెవికి యంత్రం మాట ఎక్కుతుందా? ఇంతాచేసి, తాళం తీసి చుక్క ఆరిందో లేదో చూడటానికి ఒక్క నిమిషం చాలు. తెలిసినవాడికి ఆ నిమిషం ఎప్పుడూ దొరకదు.

"తెలుసు," అన్నాడు తెలుసుగారు, అలవాటుగా. మరుక్షణం తలెగరేసి, "కలపడంలో తప్పు లేదు. నేను కలిపితే తప్పుండదు. అది దెయ్యమే!"

చచ్చేదాకా అదే మాట మీద ఉండే మనిషి. ఉండనివ్వండి.

అందరూ నవ్వుకునేవారే, అక్కడితో కథ కంచికి పోయేదే. కానీ పెద్దమ్మాయి ఆ ముక్క మళ్ళీ పెట్టమంది. ఆడగొంతు వినిపించింది. మొగుడి అడుగు వినిపించింది. దాని వెనకే—

టక్... టక్.

"ఇదేమిటే?"

"ఎలుకేమో అక్కా."

"ఎలుక రెండు దెబ్బలు కొట్టి ఆగుతుందా?"

చిన్నమ్మాయి కార్డు తీసి గుప్పిట్లో పెట్టుకుంది.

ఆ శుక్రవారం సంతకాలు జరగలేదు. తర్వాత జరిగిన సంతకాలు వేరు, అక్కాచెల్లెళ్ళ పంపకానివి. షెడ్డూ, కారూ, నేర్పే పనీ చిన్నమ్మాయికి వచ్చాయి. దెయ్యం కథ తేలాక జనం మళ్ళీ వచ్చారు. ఇల్లు పెద్దమ్మాయికి, ఆమె ఒక్కదాని పేరునే వచ్చింది. కెమెరా సరైన ఫ్యూజుకి మారి షెడ్డుకే దక్కింది. తెలుసుగారికి ఏమీ రాలేదు. మిగిలిన ఒంటిచెప్పు కూడా భార్య చెత్తలో పారేసింది.

మాస్టారి ఉంగరం పెద్దమ్మాయి వాటాకి వచ్చింది. ఆస్పత్రిలో ఆయన వేలినుంచి తీసిన రోజునుంచీ అది ఆమె బీరువాలోనే, తాళం వేసి ఉంది.

ఆ గురువారం రాత్రి కూడా.