జీతం లేని నెల కోత

"నా జీతం కొయ్యడానికి మీరెవరండీ?"

చక్కెర ఫ్యాక్టరీ ఫిట్టరు లోకనాథ్ గొంతు గట్టిదే. చెరుకు నలిగే చప్పుడులో కూడా అందరికీ వినిపించింది.

పే సెక్షన్ సుప్రియ చాపిన కాగితం వెనక్కి తీసుకోలేదు. "మీరు సంతకం పెడితేనే కోస్తామండి. నెలకి ఇరవై రూపాయలు. గోదారి లంక ఊళ్ళకి డాక్టరుగారిని తీసుకెళ్ళే పడవకి."

"దానమంటే చేత్తో ఇవ్వాలండీ." జేబులోంచి ఐదువందల నోటు తీసి పదిమందీ చూసేలా చాపాడు. "ఇదిగో, తీసుకోండి."

"వద్దండి. పడవ డీజిలుతో నడుస్తుంది, మీ ఉత్సాహంతో కాదు. డీజిలు ప్రతి నెలా పొయ్యాలి."

చుట్టూ ఉన్నవాళ్ళు గొల్లుమన్నారు. లోకనాథ్‌కి ఒళ్ళు మండింది. అంత మంటలోనూ ఆమె కళ్ళు చాలా బాగున్నాయని తోచింది. పౌరుషానికి పోయి సంతకం గీకేశాడు.

ఆ తర్వాత పే సెక్షన్లో ఫ్యాన్లకి ఎందుకో తరచూ రిపేర్లొచ్చాయి. ఫిట్టరుకీ ఫ్యానుకీ సంబంధం ఏంటని ఎవరూ అడగలేదు. వచ్చినప్పుడల్లా అతను చెరుకు రసం తెచ్చేవాడు, ఆమె ముందు వద్దని తర్వాత తాగేది.

ఆ ఏటి చెరుకు క్రషింగ్ ముగిసిన రోజున లోకనాథ్ ధైర్యం చేశాడు. "మిమ్మల్ని పెళ్ళి చేసుకోవాలనుందండీ."

సుప్రియ నవ్వలేదు. "మా నాన్నగారి చేతికి ఎముక లేదండి. ఓసారి హుషారొచ్చి వీధి వీధంతటికీ భోజనాలు పెట్టారు. ఆ వారమే మా ఇంట్లో బియ్యం నిండుకున్నాయి. మీరంటే నాకు ఇష్టమే. మీ ఉత్సాహమంటేనే భయం."

"నేనలాంటివాణ్ణి కాదండీ!"

"అది చెబితే తెలిసేది కాదు కదండి."

లోకనాథ్ లాంటి సీజన్ పనివాళ్ళకి చెరుకు ఆడని నెలల్లో జీతం ఉండదు. జీతం లేకపోతే కోతా లేదు. ఈ సంగతి పథకం పెట్టిన పెద్దలెవరికీ తట్టలేదు. గోదారి పొంగేదేమో సరిగ్గా ఆ నెలల్లోనే. లంకల్లో జ్వరాలు మొదలయ్యాక పడవ నడిపే పల్లంరాజు డీజిలు కోసం వస్తే సుప్రియకి తలెత్తడానికి మొహం చెల్లలేదు.

ఆషాఢంలో, ఒకటో తారీఖున, లోకనాథ్ వానలో తడిసి ముద్దై కౌంటరు ముందు నిలబడ్డాడు. పట్టిసీమలో పంపుసెట్లు బాగుచేసుకుంటూ బతుకుతున్నాడట.

"జీతం లేదుగా, మీరెక్కడ కోస్తారు? అందుకే నేనే కోసుకున్నాను. మా ఫిట్టర్లందరి దగ్గరా కూడా కోసుకొచ్చాను." తడి నోట్లు బల్ల మీద పరిచాడు. పెళ్ళి మాట ఎత్తలేదు. శ్రావణంలోనూ అలాగే వచ్చి, ఇచ్చి, వెళ్ళిపోయాడు.

భాద్రపదంలో గోదారి గట్లంటా పారింది. పట్టిసీమ రోడ్డు మునిగింది. ఒకటో తారీఖు సాయంత్రం పక్క సీటు రామతులసి గొడుగు తీస్తూ, "ఇవాళ మీ ఫిట్టరుగారు రారులే. పద పోదాం" అంది.

"వస్తారు."

తన గొంతులో అంత నమ్మకం విని సుప్రియే ఆశ్చర్యపోయింది.

కాసేపటికి ఫ్యాక్టరీ వెనక రేవులో డాక్టరుగారి పడవ ఆగింది. పల్లంరాజు వెనక, మోకాళ్ళ దాకా బురదతో లోకనాథ్ దిగాడు. ఆయాసపడుతూ వచ్చి నోట్ల మూట కౌంటరు మీద పెట్టాడు.

"ఈసారి రానేమో అనుకున్నారు కదండీ?"

"లేదండి." సుప్రియ అతని కళ్ళలోకి సూటిగా చూసింది. "పొద్దున్నే అమ్మకి చెప్పొచ్చాను, రాత్రికి ఎసట్లో ఇంకో మనిషికి బియ్యం పొయ్యమని. నాన్నగారు కూడా ఇంట్లోనే ఉంటారు."

లోకనాథ్ ఏదో చమత్కారం చెయ్యబోయి మానుకున్నాడు.

"ఎన్నింటికి రమ్మంటారండీ?" అని మాత్రం అడిగాడు.