చెప్పి రాకూడని ఇల్లు

కోడంబాక్కంలో మా ఇల్లూ భరణి వాళ్ళ ఇల్లూ గోడకి గోడ. నా కుట్టుమిషన్ చప్పుడికి ఆమె నిద్ర లేచేది, వాళ్ళ పోపు వాసనకి నాకు ఆకలేసేది. అట్లాంటిది పెళ్ళయినాక మనలి కూడా దాటి, పట్నానికి ఉత్తరం కొసన ఒక చిన్న ఊరికి పోయి పడింది. నాలుగు వీధులు, ఒక బస్టాండు. ఆ పైన ఎటు చూసినా కంపచెట్లు, బురదమడుగులు, పొద్దుగూకితే నక్కల ఊళలు. "ఇదేం ఊరే, అడివి నడుమ!" అని నేను ఎగతాళి చేస్తే, "మా పాప జననికి ఇదే నచ్చింది, పోవే" అనేది.

ఆ జనని పోయిన వానల్లో మడుగులో పడి చచ్చిపోయింది. ఆరేళ్ళ బిడ్డ. అప్పుడు నేను జ్వరంతో ఆస్పత్రిలో ఉన్నా, సావుకి పోలేకపోయినా. లేచి తిరగగలిగినాక ఒక సాయంత్రం పలకరించడానికి బయలుదేరినా.

నన్ను చూసి భరణి గొల్లుమంటుందనుకున్నా. ఏడవనే లేదు. ఇల్లంతా పచ్చి బురద వాసన. మూలలో దీపం, దాని ముందర చిన్న స్టీలు తట్టలో పప్పన్నం. వాళ్ళాయన గిరి ఏడీ అంటే, షిఫ్టుకి పోయినాడంది. ఆ తర్వాత నా చెవి దగ్గరికి వచ్చింది.

"గట్టిగా మాట్లాడొద్దే రంజనీ. దీపాలవేళకి పాప వస్తది. ఆ మూలన కూచుంటది. అన్నం మాత్రం ముట్టదు. ఎన్నాళ్ళని పస్తుంటది చెప్పు?"

పాపం, దీనికి మతి చలించింది అనుకున్నా. తల నిమురుతా కూచున్నా. చీకటి పడేలోపల బస్సు పట్టుకోవాలి కదా, లేచినా.

సావు జరిగిన ఇంట్లోంచి వచ్చేటప్పుడు పోయొస్తానని చెప్పకూడదు. ఊరికే లేచి రావాలి. చెప్తే ఆ ఇంట్లో పోయినోళ్ళు వెంట వస్తారని మా అమ్మ వంద సార్లు చెప్పింది. తెలీక కాదు. భరణి అట్ల గోడకి ఆనుకుని కూచుని చూస్తా ఉంటే, నోరు మూసుకుని ఎట్ల వచ్చేది? నాది అసలే ఊరుకుండే నోరు కాదు.

"పోయొస్తానే భరణీ" అనేసినా.

వెంటనే నాలుక కరుచుకున్నా. మూలలో ఎవరో లేచిన అలికిడి అయింది.

బస్టాండుకి మడుగు పక్కనే దోవ. కప్పలు ఒకటే గోల. నా చెప్పుల చప్పుడు వెనక ఇంకో చప్పుడు. తడి కాళ్ళ చప్పుడు. నేను నిలబడితే అదీ నిలబడింది. నడిస్తే... నడిచింది. ఎవరో కొంగు పట్టుకున్నారు. మెల్లగా. నేను బయలుదేరినప్పుడల్లా జనని అట్లే పట్టుకునేది, "నేనూ వస్తా పెద్దమ్మా" అని.

తిరిగి చూడలేదు. చూసేంత ధైర్యం నాకు లేదు.

ఫోన్ మోగింది.

"రంజనీ... మూల ఖాళీగా ఉండాది. పాప నీ వెంట వచ్చేసిందే." ఇప్పుడు ఏడుస్తా ఉంది భరణి. "నీ కాళ్ళు పట్టుకుంటా. నాకుండేది అదొక్కటే. తెచ్చియ్యవే..."

భయం ఒక పక్క, ఆ ఏడుపు ఒక పక్క. ఏ తల్లీ అట్ల ఏడవకూడదు. "దా తల్లీ, అమ్మ దగ్గరికి పోదాం" అని వెనక్కి తిరిగినా. కంపచెట్లు దట్టంగా ఉండే చోట కొంగు మీద పట్టు జారింది. కప్పలన్నీ ఒక్కసారిగా ఆగిపోయినాయి.

"జననీ?"

మళ్ళీ కొంగు పట్టుకుంది. ఈసారి గట్టిగా. భుజం మీద పిన్నీసు ఊడొచ్చేంత గట్టిగా.

భరణి గడపలోనే నిలబడి ఉంది. నా నడుం పక్కన ఉండే ఖాళీని చూసి రెండు చేతులూ చాచింది. నా కొంగు మీద పట్టు వదిలింది. ఈసారి పద్ధతిగా, చెప్పకుండా వచ్చేసినా.

బస్సులో కిటికీ పక్కన కూచుని బాగా ఏడ్చినా. పోనీలే, తల్లీ బిడ్డా ఎట్లో ఒకట్ల ఉంటారు అనుకున్నా. బస్సు కదిలినాక భరణి మళ్ళీ ఫోన్ చేసింది. నవ్వతా ఉంది. ఆ నవ్వు విని ఎన్ని నెలలైందో!

"అన్నం తింటా ఉందే! తట్ట నాకేసింది. కుండలోది కూడా అయిపోయింది. ఇంకా కావాలంట..."

నా కొంగు ఎవరో లాగినారు. మెల్లగా.

"పెద్దమ్మా..." చెవి పక్కన తడి గొంతు. "నన్ను ఆ చెట్ల కాడ వదిలేసి పోయినావు... అమ్మ కాడ ఉండేది ఎవురు?"

ఫోన్‌లో భరణి ఇంకా నవ్వతానే ఉంది. "ఉండు తల్లీ, ఉండు... వేలు కొరకొద్దు" అంటా ఉంది.