మూడో నంబర్ ఇంజన్

"విమానం పోతే పోనీ. ప్రయాణికుల్ని దించేసి నువ్వు దూరంగా జరుగు. ఇది ఆర్డర్!" ఇయర్‌ఫోన్‌లో చీఫ్ గొంతు ఖంగుమంది.

దక్షిణాఫ్రికాలోని జర్మిస్టన్ ఎయిర్‌పోర్ట్‌లో పాతకాలపు ఎయిర్ హోస్టెస్ వేషంలో ఉన్న ఏజెంట్ కెనైల్వే త్లాడి ఆ ఆర్డర్‌ని సగమే పాటించగలిగింది. నలభై మందీ దిగారు. ఆయుధాల ముఠా మీద సాక్ష్యం చెప్పాల్సిన ప్రొఫెసర్ క్షేమం. దిగనిది ఒక్కడే, ముసలి ఇంజనీర్ గావీ లాటేగాన్. 1946 నాటి ఈ నాలుగు ఇంజన్ల డీసీ-4 విమానాన్ని పదకొండేళ్లు కష్టపడి తుక్కులోంచి లేపిన మనిషి. ఇవాళే దాని మొదటి ప్రయాణం.

"గావీ మామా, దిగు! బాంబుంది!"

"నువ్వు పోమ్మాయ్. ఇది పేలిపోయాక నేను బతికి ఏం పీకాలి?"

పక్కనే పోలీసులు సబీన్‌ని జీపెక్కిస్తున్నారు. ఇటు ఏజెన్సీ, అటు ముఠా, రెండు వైపులా జీతం తిన్న అందగత్తె. పొద్దున మెకానిక్ వేషంలో బాంబు పెట్టిందీ ఆవిడే. సంకెళ్ల చేతులతోనే జుట్టు సర్దుకుని నవ్వింది.

"ఇంజన్‌లో ఉంది డార్లింగ్. ఏ ఇంజనో నువ్వే వెతుక్కో. నాలుగు నిమిషాలే."

ఒక్కో ఇంజన్ కవర్ విప్పడానికే పది నిమిషాలు పడుతుంది. కెనైల్వేకి ఏడుపు తన్నుకొచ్చింది. ఈ మొండి ముసలాయన్ని వదిలి పరిగెత్తడం ఆమె వల్ల కాలేదు.

"మామా, ఇంజన్‌లోనట! నీ కాళ్లు పట్టుకుంటా, ఏదో ఒకటి చెప్పు!"

గావీ తలుపులోంచి తొంగిచూశాడు. మెట్లు రెండేసి చొప్పున దూకి, రెండు రెక్కల వెంటా చూపు పరిగెత్తించాడు.

"మూడోది! దాన్నెవరో తుడిచారు!"

"తుడిస్తే?"

"ఈ ఇంజన్లు నూనె కారుస్తూనే ఉండాలి పిచ్చిపిల్లా. కారట్లేదంటే లోపల నూనె అయిపోయిందని లెక్క. అందుకే ఆ మరకలు మాలో ఎవ్వడూ ముట్టుకోడు!"

వేలిముద్రలు చెరపాలని సబీన్ మరకలు కూడా చెరిపేసిందన్న మాట. కెనైల్వే నిచ్చెనెక్కింది. లిప్‌స్టిక్‌లో దాచిన కట్టర్‌తో అల్యూమినియం కవర్‌ని బరబరా కోసింది. లోపల చిన్న నల్లడబ్బా, దాని మీద ఎర్రటి అంకెలు. తొమ్మిది. ఎనిమిది. వేళ్లు కోసుకుపోతున్నా చెయ్యి దూర్చి డిటొనేటర్ పీకేసింది.

అంకె రెండు దగ్గర ఆగింది.

ఆమె నిచ్చెన దిగింది. గావీ కళ్ల వెంట నీళ్లు ధారగా కారాయి. కాసేపటికి తుడుచుకుని, నిచ్చెనెక్కి కోసిన కవర్‌ని చేత్తో తడిమాడు. ఆయన ముఖం మాడిపోయింది.

"ఇది ఒరిజినల్. ప్రపంచమంతా గాలించినా ఇంకోటి దొరకదు. కోసిపారేశావా?"

"బాంబు మామా!"

"నీకంటే ఆ బాంబు పెట్టినావిడే నయం. బుద్ధిగా స్క్రూలు విప్పి, మళ్లీ బిగించి వెళ్లింది!"