పన్నెండు మబ్బులు

2074 నాటికి కాకినాడలో మొబైల్ గేమ్ తయారు చేయని ఇల్లు లేదు. కూర పొయ్యి మీద పడేసి, అది ఉడికేలోగా అతుకుపలక మీద నాలుగు ముక్కలు వేలితో లాగి వదిలితే చాలు, ఆట సిద్ధం. ఒక ముక్క మబ్బు, ఒక ముక్క కాకి, ఇంకో ముక్క గెంతు. లోపల ఏముందో ఎవరికీ తెలియదు. తెలుసుకోవాలనీ లేదు.

అందుకే హన్వికకు వాళ్ళంటే చులకన. ముప్పై ఏళ్ళ కిందట ప్రోగ్రాంలను అక్షరం అక్షరం చేత్తో రాసిన మనిషి ఆమె. ఇప్పుడు బడులకు వెళ్ళే ఆటలకు వేగ పరీక్షాధికారి.

ఆ రోజు వచ్చింది సొంత తోటికోడలు లిఖిత. చేతిలో రెండేళ్ళు కూర్చుని చేసిన ఆట. మేడ మీద ఎండబెట్టిన వడియాలను కాకుల నుంచి కాపాడాలి. మధ్యాహ్నం పన్నెండులోపు హన్విక ముద్ర పడకపోతే ఇక ఎప్పటికీ బడుల గుమ్మం ఎక్కదు.

“కాకిని తోలే చెయ్యి లేచేలోపు అది వడియం తినేసి, మూతి తుడుచుకుని మరీ పోతోంది. ఇది ఆటా, తద్దినమా?” అంది హన్విక.

“నా ఫోన్లో బాగానే ఆడిందక్కా. బళ్ళో ఉన్నవి పాత ఫోన్లు కదా...”

“ఫోన్లనెందుకంటావు? బీరువాలో చీరలన్నీ ఒకేసారి చుట్టుకుంటే నువ్వు నడుస్తావా? మబ్బులెన్ని పెట్టావు?”

“పన్నెండు. అందంగా ఉంటాయనీ...”

“వడియాలు ఎండబెట్టి మబ్బులు పెట్టిందట మహాతల్లి!”

హన్విక ఆ ఉదయమే వచ్చిన కొత్త యంత్రం ‘తూకం’ ముందు ఆటను పెట్టింది. తెర సెకనుకు అరవైసార్లు కొత్తగా గీయబడుతుంది. ప్రతిసారీ ఏ ముక్క ఎంత సమయం తింటోందో తూకం తేలుస్తుంది. అది పలికేది పరీక్షాధికారి చెవిలోనే.

“మబ్బులన్నీ కలిపి నూటికి రెండు పాళ్ళు. కాకుల బొమ్మలు అయిదు. మిగతా తొంభై మూడూ ‘కదులు’ ముక్క,” అంది తూకం.

ఆ ముక్క లేని ఆట దేశంలోనే లేదు. దాన్ని రాసింది హన్విక.

“అందులో ఏముంది?” ఆమె గొంతు తగ్గింది.

“కదిలే ముందు ప్రతిసారీ, రాసినవారి పేరును ఎవరూ చెరపలేదు కదా అని వెతికి చూసుకుంటుంది. ఇక్కడ నలభై కాకులు. సెకనుకు రెండు వేల నాలుగు వందలసార్లు వెతుకుతోంది. ఇన్నేళ్ళూ మీరు తిప్పి పంపిన ఆటలన్నిటిదీ ఇదే జబ్బు. పేరును చెత్తబుట్టలోకి లాగి వదలండి, చాలు. మీ వేలికే లొంగుతుంది.”

హన్విక వైపున్న తూకం తెర మీద ఆమె పేరు పుట్టింటి ఇంటిపేరుతో సహా వచ్చింది. పన్నెండుకు పది నిమిషాలుంది. హన్విక దాని మీద వేలు పెట్టి బుట్ట అంచుదాకా లాగింది. ఇక వేలు ఎత్తడమే.

ఎత్తలేదు. పేరును మెల్లగా వెనక్కి లాక్కొచ్చి, ఉన్నచోటే వదిలింది.

“ఏం కనిపెట్టిందక్కా?” లిఖిత ఆత్రంగా ముందుకు వంగింది.

“చెప్పాను కదా, మబ్బులే. తీసెయ్.”

లిఖిత తల వంచుకుని మబ్బులను ఒక్కొక్కటిగా లాగి బుట్టలో వేసింది. పన్నెండోది పోయాక తెరంతా ఎండ కాసింది.

చెయ్యి లేచేలోపే కాకి నింపాదిగా వచ్చి వడియాల మీద వాలింది.